ఖుర్సీపార్ బొగ్గుల పుణ్యాన

భిలాయి నుంచి వచ్చి పది రోజులైంది. గోళ్ల సందుల్లో నలుపు ఇంకా వదల్లేదు. మా ఆవిడ పూటకో నిమ్మచెక్క చేతికిస్తోంది గాని, నిజం చెప్పాలంటే తోముకోవాలని నాకే లేదు. భిలాయి అనగానే మనవాళ్లకి ఉక్కు ప్లాంటు గుర్తొస్తుంది, లేకపోతే అక్కడ ఉద్యోగం చేసే బావగారో మేనమామో గుర్తొస్తారు. చూసి రావడానికని ఎవరూ వెళ్లరు. నేనూ అందుకు వెళ్లలేదు. ఒక పొయ్యి వెలిగించడానికి వెళ్లాను.

ఇరవై ఏళ్ల వయసు నుంచి పదేళ్ల పాటు నౌపడా–గుణుపురం చిన్నబండిలో ఫైర్‌మేన్‌గా చేశాను. రెండున్నర అడుగుల పట్టా మీద నడిచే బుల్లి ఆవిరి ఇంజను అది. దాని పొయ్యిలో బొగ్గు వెయ్యడం నా పని. తర్వాత డీజిలు వచ్చింది. ఆ తర్వాత ఆ పట్టాలే పీకేసి పెద్ద లైను వేశారు. నేను పెద్దబండ్ల డ్రైవర్నై, టెక్కలిలో ఇల్లు కట్టుకుని, రిటైరై, చిన్నబండి కబుర్లతో మనవల్ని విసిగించే దశకి చేరాను. అప్పుడొక బుధవారం ఫోను మోగింది.

చేసినవాడు అప్పలనాయుడు. సొంతూరు బొబ్బిలి దగ్గర, ఉండేది భిలాయిలో ఖుర్సీపార్ అనే పేట. ప్లాంటు లోపల వేగన్లు తోసే డీజిలు ఇంజను నడిపి రిటైరయ్యాడు. అక్కడే సెక్టర్ 6లో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి సుధాకరం నా నంబరిచ్చాడట. "అన్నా, మా ఇంజన్లో నిప్పు నిలబడ్డం లేదు. ఒకపాలి వొచ్చి చూడగలరా?" అన్నాడు, ఇంట్లో జ్వరం వచ్చినవాళ్లుంటే డాక్టర్ని పిలిచినట్టు.

సంగతేమిటంటే, అక్కడ పిల్లలు ఆడుకునే పెద్ద తోట ఒకటుంది. అందులో చిన్నబండి పట్టా, రెండు పెట్టెలు, వాటిని లాగే చిన్న డీజిలు ఉన్నాయి. షెడ్డు మూల మాత్రం ఎక్కడో మూతపడ్డ లైను నుంచి తెచ్చిన ఆవిరి ఇంజను ఏళ్ల తరబడి తుప్పుపట్టి పడి ఉంది. నాయుడూ, అతనితో పాటు రిటైరైన నలుగురూ మూడేళ్లు కష్టపడి దాన్ని బాగుచేశారు. బాయిలరు పరీక్ష కూడా అయిపోయింది. ఇక ఆదివారం పొద్దున్న తోట కమిటీ ఎదుట అది రెండు పెట్టెల నిండా జనాన్ని లాక్కుని ఎత్తు ఎక్కాలి. ఎక్కితే నెలకోసారి నడుపుతారు. ఎక్కకపోతే చక్రాలకి వెల్డింగు పెట్టి, సిమెంటు దిమ్మ మీద నిలబెట్టి, రంగేసి, పక్కన ఫొటోలు దిగడానికి బల్ల వేస్తారు. దిమ్మ అప్పుడే పోసేశారట కూడా.

ఆ దిమ్మ మాట విని గురువారం బండెక్కాను.

సముద్రపు సీసా

నా ఎదుటి సీట్లో ఛత్తీస్‌గఢ్‌లోని మహాసముంద్ వైపు మనిషి ఒకామె కూర్చుంది. పేరు బిసాహిన్. అరవై ఏళ్లుంటాయి. ఒళ్లో ప్లాస్టిక్ సీసా పెట్టుకుని చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది. నాకు వచ్చిన హిందీలో అడిగితే, అందులో విశాఖపట్నం సముద్రపు నీళ్లున్నాయని చెప్పింది. సముద్రం ఉప్పగా ఉంటుందంటే ఊళ్లో ఎవరూ నమ్మడం లేదట, ఒక్కొక్కరి నాలిక మీద ఒక్కో చుక్క వేస్తానంది. నేను పలాస జీడిపప్పు పెట్టాను. ఆమె శనగపిండితో చేసిన ఠేఠరీలు పెట్టింది. మన జంతికల్లాంటివే, కాకపోతే పళ్లతో కాస్త యుద్ధం చెయ్యాలి.

చలికి స్వెట్టరు తెచ్చుకోలేదు. ఆమె తన సంచిలోంచి ఒక దుప్పటి తీసి, అడక్కుండానే నా కాళ్ల మీద పడేసింది. ఆ వెచ్చదనానికి ఒళ్లు తెలీకుండా నిద్రపోయి, దిగాల్సిన చోటు దాటేసి దుర్గులో లేచాను. నలభై ఏళ్లు రైల్వేలో చేసినవాణ్ణి స్టేషను దాటిపోయానని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకే చెబుతున్నాను. దుప్పటి నా మీదే ఉంది, ఆవిడ ఎప్పుడో దిగిపోయింది.

ఖుర్సీపార్

ఖుర్సీపార్‌లో ఆటో దిగగానే ఒక కొట్టు ముందు ఇద్దరు ఆడవాళ్లు వంకాయల గురించి మన శ్రీకాకుళం యాసలో పోట్లాడుకుంటున్నారు. ఒక్క క్షణం టెక్కలి సంతలో ఉన్నాననుకున్నాను. వాళ్ల పిల్లలు మాత్రం పక్కనే హిందీలో పోట్లాడుకుంటున్నారు.

నాయుడు నన్ను ఇంటికి తీసుకెళ్లే ముందే టిఫినుకి కూచోబెట్టాడు. ఇరవై రూపాయలకి ప్లేటు నిండా అటుకులు, వాటి పక్కనే వేడి జిలేబీ. పొద్దున్నే తీపీ కారం కలిపి తినడమేమిటని ముందు మొహం చిట్లించాను. రెండో ప్లేటు నేనే అడిగాను.

ఇక్కడ టైము గడియారంతో చెప్పరు. "ఫస్ట్ షిఫ్టు దిగీ వేళకి రండి" అంటారు. నాయుడు మనవరాలు సెకండ్ షిఫ్టు ఎక్కే వేళ పుట్టిందట. రిటైరై మూడేళ్లు దాటినా అతని భార్య ఇప్పటికీ అన్నం షిఫ్టు ప్రకారమే వండుతుంది.

నాయుడు మనిషి సన్నగా, నెమ్మదిగా ఉంటాడు. మాట కంటే ముందు దణ్ణం వస్తుంది. నేను దానికి సరిగ్గా వ్యతిరేకం. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

షెడ్డు

ఇంజన్ని చూడగానే దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చాను. మా నౌపడా ఇంజను కాదు గాని దాని చెల్లెలనుకోవచ్చు. అదే ఎత్తు, అదే పొట్టి పొగగొట్టం. ఇత్తడి గొట్టాల మీద నా మొహం కనిపిస్తోంది. ఇంత శుభ్రంగా మా రోజుల్లో మేం ఏనాడూ ఉంచలేదు. పక్కనే డీజిలు పసుప్పచ్చగా, బొమ్మలా ఉంది. డీజిలంటే నాకు నచ్చదు. మీట నొక్కితే నడిచేది నాకెందుకో ఇంజనులా అనిపించదు. దాని డ్రైవరు సాహు ఛత్తీస్‌గఢీ మనిషి. నా చూపు కనిపెట్టి నవ్వి ఊరుకున్నాడు.

నాయుడు నిప్పు వేశాడు. గంట సేపు బాగానే మండింది. తర్వాత మంట కుంగిపోయింది, పొయ్యిలోంచి నల్లటి పొగ తప్ప ఏమీ రావడం లేదు. నాలుగు రోజులుగా ఇంతేనట. నేను ఊరుకోకుండా అందరి ముందూ అతన్ని ఉతికేశాను. బొగ్గు వెయ్యడమంటే వేగన్లు తొయ్యడం కాదన్నాను. పల్చగా, మూలమూలకీ, కొంచెం కొంచెం వెయ్యాలన్నాను. పార లాక్కుని నేనే వేశాను.

నా నిప్పు కూడా ఆరిపోయింది.

పారని గోడకి ఆనించాను. చల్లారాక పొయ్యి జల్లెడ కడ్డీల మీంచి ఒక ముక్క ఊడదీశాను. బొగ్గంతా కలిసిపోయి నల్లటి పెంకులా అయింది. దాన్ని కాగితంలో చుట్టుకుని సెక్టర్ 6కి బయల్దేరాను. సుధాకరం ప్లాంటులో రోలింగు మిల్లు ఇంజనీరుగా చేశాడు. చదువుకున్నవాడు, అతనికే తెలుస్తుందనుకున్నాను.

సెక్టర్ 6

సెక్టర్లలో రోడ్లు వెడల్పుగా ఉంటాయి, ప్రతి క్వార్టరు ముందూ మామిడో జామో ఉంటుంది. ఒకప్పుడు షిఫ్టు వేళకి ఈ రోడ్ల నిండా సైకిళ్లేనట. ఇప్పుడు స్కూటర్లు. రిటైరయ్యాక కూడా సుధాకరం క్వార్టరు లీజుకి తీసుకుని అక్కడే ఉన్నాడు.

నా చేతిలో ముక్క చూసి అతను గంట సేపు ఆ బొగ్గు గొప్పతనం చెప్పాడు. ఆస్ట్రేలియా నుంచి ఓడలో వైజాగు వచ్చి, నేనొచ్చిన పట్టాల మీదే ఇక్కడికి చేరుతుందట. బూడిద తక్కువ, వేడి ఎక్కువ, ఉక్కు కొలుముల కోసం ఏరి తెచ్చేదట. నాయుడు వాళ్లు ప్లాంటులో అర్జీ పెట్టుకుని, అనుమతి కాగితం మీద పది బస్తాలు తెచ్చుకున్నారు. ఇంజను కోసం ఉన్నదాంట్లో మేలైనది తేవాలనుకున్నారు పాపం. ఇంత మంచి బొగ్గుతో మండలేదంటే తప్పు కచ్చితంగా పొయ్యిదేనని ఇద్దరం తేల్చేశాం. పొయ్యి మార్చాలంటే నెలలు పడుతుంది. ఆదివారం ఎల్లుండి.

సరోజినమ్మ పొయ్యి

సాయంత్రం నాయుడు నన్ను ఖుర్సీపార్‌లో సరోజినమ్మ బజ్జీల బండి దగ్గరికి తీసుకెళ్లాడు. అతని మొహంలో రక్తం లేదు, అయినా నాకు మిరపకాయ బజ్జీ తినిపించాలనే ఆలోచన మాత్రం ఉంది. పొయ్యి మారిస్తే తప్ప లాభం లేదని అప్పుడే చెప్పాను. అతను తల ఊపి, ఇంకో బజ్జీ నా ప్లేటులో వేశాడు.

సరోజినమ్మది నరసన్నపేట వైపు. ఆమె భర్త ప్లాంటులో బొగ్గుని కాల్చి కోక్ చేసే బట్టీల దగ్గర కాంట్రాక్టు పని చేసేవాడు, ఇప్పుడు బండికి పిండి రుబ్బి పెడతాడు. నేను బల్ల మీద పెట్టిన కాగితం పొట్లం విడిపోయింది. ఆ నల్ల పెంకు చూసి ఆమె నవ్వింది.

"ఇది కొలిమి బొగ్గన్నయ్యా. వేడి తగిల్తే కరిగిపోయి అట్టు కట్టీసుకుంటాది, గాలాడనీదు. పెళ్లయిన కొత్తలో నానూ ఇలగే పొయ్యి పాడుచేసుకున్నాను. దీన్ని ఏటికి వేసినారు?"

నాకు తల కొట్టేసినట్టయింది. పదేళ్లు టన్నులకొద్దీ బొగ్గు వేసినవాణ్ణి. కానీ బొగ్గు ఎలాంటిదో నేనెప్పుడు చూశాను? వేగన్లో వచ్చేది, పారతో వేసేవాణ్ణి. బొగ్గుల్లో రకాలున్నాయని, అతుక్కునేదీ అతుక్కోనిదీ వేరువేరని నాకు తట్టనే లేదు. సుధాకరం సంగతి సరేసరి. ఇది ఉక్కు ఊళ్లో తప్ప ఇంకెక్కడా జరగని పొరపాటు. అక్కడ కొలిమికి మంచిదంటే లోకానికంతటికీ మంచిదే.

ఆమె తన పొయ్యి కింద నుంచి ఒక గడ్డ తీసి చూపించింది. చిరిమిరి గనుల వైపు నుంచి వచ్చే బొగ్గు, ఖుర్సీపార్‌లో టిఫిను బళ్లన్నీ అదే వాడతాయి. మంట పొడుగ్గా లేస్తుంది, కాలాక బూడిదై రాలిపోతుంది. అంత బొగ్గు ఎక్కడ దొరుకుతుందని నాయుడు అడిగాడు. తెచ్చే లారీ మంగళవారం గాని రాదట. నాయుడు నేల చూశాడు.

సరోజినమ్మ చేతులు తుడుచుకుని పక్క బండివాణ్ణి కేకేసింది.

శనివారం

పొద్దున్న ఎనిమిదింటికి షెడ్డు ముందు ఒక రిక్షా బండి ఆగింది. అందులో గంపలు, బకెట్లు, ఒక పాత వాషింగ్ మిషను డ్రమ్ము. అన్నింటిలోనూ బొగ్గే. ఖుర్సీపార్‌లో పదకొండు బళ్లవాళ్లు తమ దగ్గరున్నదంతా ఇచ్చేశారు. అంటే ఆదివారం వాళ్ల పొయ్యిలు వెలగవు, బేరం లేదు. ఆదివారమే కదా వాళ్లకి గిరాకీ అని నాయుడు చేతులు జోడించాడు. సరోజినమ్మ అదేం పట్టించుకోలేదు, తమని మొదటి ట్రిప్పులో ఎక్కించుకోవాలని మాత్రం అడిగింది. నేను వాళ్లకి ఏమీ కాను. ఆ ఇంజను వాళ్లకి ఏమీ కాదు. ఇప్పటికీ తలుచుకుంటే నా కళ్లు చెమరుస్తాయి.

చల్లటి బాయిలర్ని ఒక్కసారిగా వేడి చెయ్యకూడదు. రోజంతా సన్నటి నిప్పుతో, కాచి చల్లార్చిన పాలు మళ్లీ కాచినంత ఓపిగ్గా కాచాలి. కాబట్టి శనివారమంతా నాయుడూ నేనూ పొయ్యి ముందు కూచున్నాం. నిప్పు నిలబడింది. మధ్యాహ్నానికి గొట్టాల్లో నీళ్లు గొణగడం మొదలెట్టాయి. నాకు ప్రాణం లేచొచ్చి, మా చిన్నబండి కబుర్లు ఒకటి తర్వాత ఒకటి చెబుతూ పోయాను. నాయుడు వింటూ వింటూ ఒక్కసారి పార కింద పెట్టాడు.

"అన్నా, ఒక మాట చెప్పకుండా మీ చేత పని చేయించుకోడం బాగోదు. చానా ఏళ్ల కిందట కరిగించడానికి తుక్కు వేగన్లు తోసీ డ్యూటీ నాది. ఒకరోజు వేగన్లో చిన్న ఇంజన్లు కోసీసిన ముక్కలొచ్చినాయి. ఒక రేకు మీద తెలుగు అచ్చరాలు. నౌపడా అని."

నేను గుడ్డ తీసుకుని ఇత్తడి గొట్టం తుడవసాగాను.

"ఆపీద్దామనిపించింది. మత్‌లబ్, ఆపి ఏటి చేస్తాను? తోసీసినాను. మూడేళ్ల కిందట ఈ షెడ్డులో దీన్ని చూసినప్పుడు మళ్లీ ఆ అచ్చరాలే కళ్లకి కట్టినాయి."

నా అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ అక్షరాలు ఎవరు రాశారో నాకు తెలుసు. బొగ్గు పెట్టె మీద తెల్ల రంగుతో రాసింది మా షెడ్డు వాళ్లే, బ్రష్షు పట్టుకున్నవాళ్లలో నేనొకణ్ణి. ఇంజన్లని వేలం వేశారని విన్నాం, ఎక్కడికి పోయాయో ఎవరూ చెప్పలేదు. ఎక్కడో ఒక చోట ఉన్నాయనుకుంటూనే ఇన్నేళ్లూ బతికాను. చేతిలో గుడ్డ విసిరికొట్టి బయటికొచ్చేశాను.

తోట గేటు దగ్గర టీ తాగాను. ఇంకోటి తాగాను. సుధాకరం ఇంటికెళ్లి, రేపు పొద్దున్నే బండెక్కేద్దామనుకున్నాను కూడా. కానీ బొగ్గు వేసి ముప్పావు గంటైంది. నాయుడు డీజిలు మనిషి, ఎప్పుడు వెయ్యాలో ఇంకా చేతికి పట్టుబడలేదు. ఎవరి మీద కోపంతోనైనా సరే, నిప్పుని వదిలేసి వెళ్లిన ఫైర్‌మేన్ లేడు. తిరిగి వెళ్లి, అతనితో మాట్లాడకుండా, పార తీసుకున్నాను. సాయంత్రం దాకా మా మధ్య బాయిలర్లో నీళ్ల మట్టం చూపే గేజి గురించి తప్ప ఇంకో మాట లేదు.

ఎత్తు

ఎత్తంటే కొండనుకునేరు. తోటలో కాలవ మీద వంతెన ఉంది, దాని మీదికి పట్టా మెలితిరిగి ఎక్కుతుంది. పెద్దబండికి అదొక లెక్కలోది కాదు. కానీ మా బుల్లి దానికి అదే హిమాలయం.

ఆదివారం పొద్దున్న కమిటీ తరఫున ఒక ఆఫీసరమ్మ వచ్చారు. తెలుగావిడే, మర్యాదస్తురాలు, మాట మాత్రం తూచినట్టు ఉంటుంది. మధ్యలో ఆగి డీజిలు తోయాల్సి వస్తే పరీక్ష పోయినట్టేనని ముందే చెప్పారు. రెండు పెట్టెల్లో పదకొండు బళ్ల కుటుంబాలు కిక్కిరిసి కూచున్నాయి. వెనకాల సాహు డీజిలుతో వచ్చాడు.

నాయుడు ఆవిరి వదిలే రెగ్యులేటరు మీద, నేను పార మీద. కొబ్బరికాయ కొట్టి కదిలాం. ఈలకి పిల్లలు చెవులు మూసుకున్నారు. చదునులో హాయిగా సాగింది. ఎత్తు సగం ఎక్కాక చక్రాలు గిరగిరా తిరిగాయి, బండి ఆగిపోయింది. మంచుకి తడిసిన నీలగిరి ఆకులు పట్టా మీద పరుచుకున్నాయి. చక్రాలకి పట్టు దొరికేలా ఇసక వేద్దామంటే ఇసక పెట్టె ఖాళీ. ఇంత హడావిడిలో అది నింపడం ఇద్దరం మరిచిపోయాం. వృథాగా తిరిగిన చక్రాలతో ఆవిరి కూడా పడిపోయింది.

ఆఫీసరమ్మ పట్టా పక్కన నిలబడి గడియారం చూసుకున్నారు. వెనక ఉన్నట్టుండి నిశ్శబ్దమైంది. సాహు డీజిలు ఆపేసి, తాళం చెవి జేబులో వేసుకుని, కిందకి దిగి చేతులు కట్టుకున్నాడు. తాను తోసినట్టు రేపెవరూ అనకుండా. డీజిలు వాళ్లంటే నాకున్న చిన్నచూపు ఆ క్షణంలో పోయింది.

నేను పది నిమిషాలు అడిగాను. ఆవిడ తీసుకోమన్నారు. నిప్పు పల్చగా పరిచి, పిడికెడు పిడికెడు బొగ్గు వేశాను. నాయుడు పొయ్యి కింది బూడిద బకెట్టులోకి లాగి పట్టా మీద చల్లాడు. సరోజినమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్లు దిగి ఆకులు ఊడ్చేశారు. ఊడ్చి అక్కడే నిలబడిపోతే, ఎక్కమని కసిరాను. వాళ్లు లేకుండా ఎక్కితే ఎక్కినట్టు కాదు.

ఆవిరి ఒత్తిడి చూపే సూది మెల్లగా లేచింది. నాయుడు రెగ్యులేటర్ని వెంట్రుకవాసి తెరిచాడు. ఒక చక్రం జారింది, పట్టింది. మళ్లీ జారింది, పట్టింది. ఒక్కో ఊపిరికీ అడుగు చొప్పున పైకి పోయాం. వంతెన మీదికి చేరాక గాని వెనక నుంచి అరుపులు రాలేదు.

ఆఫీసరమ్మ ఆయాసపడుతూ నడిచొచ్చారు. ఇంజను మీద చెయ్యి పెట్టి, వేడికి వెనక్కి తీసుకున్నారు. "ఆ దిమ్మ మీద ఏ పూలకుండో పెట్టుకుంటాం లెండి" అన్నారు. అంతే అన్నారు.

నాయుడు నవ్వలేదు, ఏడవలేదు. రెగ్యులేటరు మీంచి చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడ్డాడు. నిన్నటి మధ్యాహ్నం నుంచి నేను అతని మొహం చూళ్లేదు. ఇప్పుడు చూస్తే అతను నా వంకే చూస్తున్నాడు, ఇంకా తీర్పు రావలసింది నా దగ్గర్నుంచే అన్నట్టు. నాకూ ఇక కోపం మిగల్లేదు. ఉన్నదంతా కృతజ్ఞతే.

"నాయుడూ" అన్నాను, "ఆ రోజు నువ్వు తొయ్యకపోతే ఇంకొకడు తోసేవాడు. దీన్ని మాత్రం నువ్వు కాకపోతే ఎవడూ లేపేవాడు కాదు."

బండి దిగువకి మొగ్గింది. నాయుడు బ్రేకు మీద చెయ్యి వేసి, గేజి వంక చూశాడు.

"నీళ్లు చూడండన్నా. గేజి దిగిపోతంది."

చూశాను. నిజంగానే దిగిపోతోంది. బాయిలర్లోకి నీళ్లెక్కించే ఇంజెక్టరు తిప్పాను.